పారతో ఎత్తుకునే గాలి

ఫ్రిట్జ్ లైబర్ కథ ‘ఎ పెయిల్ ఆఫ్ ఎయిర్’లో పదేళ్ల కుర్రాడికి ఒక ఇంటిపని ఉంది. బకెట్ పట్టుకుని బయటికెళ్లి గాలి తేవాలి. వీధి కుళాయి దగ్గరికి బిందె తీసుకెళ్లినంత మామూలుగా వెళ్తాడు వాడు. బయట గాలి మంచులా పేరుకుపోయి ఉంటుంది. దాన్ని ఎత్తి బకెట్లో నింపుకుని, వేళ్లలో వేడి పూర్తిగా పోకముందే లోపల పడాలి. తెచ్చిన బకెట్ పొయ్యి దాపున పెడితే అందులోని తెల్లటి గడ్డ కాస్త కాస్తగా ఆవిరవుతుంది. ఇంట్లో నలుగురు పీల్చేదీ, పొయ్యి మండేదీ దానితోనే.

1951 డిసెంబరు ‘గెలాక్సీ’ పత్రికలో వచ్చిన అమెరికన్ కథ ఇది. ఎక్కణ్నుంచో వచ్చిన ఒక ఆరిపోయిన నక్షత్రం భూమిని సూర్యుడి దగ్గర్నుంచి లాగేసుకుని తన వెంట పట్టుకుపోతుంది. రాన్రానూ సూర్యుడు మిగతా చుక్కల్లో ఒక చుక్కైపోతాడు. ముందు నీళ్లు గడ్డకడతాయి, తర్వాత గాలి. జనమంతా పోయారు. ఒక నగరంలో, పాత భవనంలో, ఒక కుటుంబం మాత్రం కంబళ్లూ తివాచీలూ పొర మీద పొర వేలాడదీసుకుని, నడుమ బొగ్గు పొయ్యి ఆరిపోకుండా వంతులు వేసుకుని కాచుకుంటూ బతుకుతోంది. ఆ చోటుకి వాళ్లు పెట్టుకున్న పేరు గూడు. లైబర్ నాటకాల కుటుంబంలో పుట్టినవాడు, తండ్రి పేరున్న షేక్‌స్పియర్ నటుడు. తెరలు కట్టి లోకాన్ని నిలబెట్టడం ఆయనకు ఇంట్లో చూసిన విద్యే. కథ రాసేనాటికి ‘సైన్స్ డైజెస్ట్’ అనే పత్రికలో సంపాదక వర్గంలో పనిచేస్తున్నాడు. ఈ రెండు సంగతులూ కథలో కనిపిస్తాయి.

సూర్యుడు లేని గ్రహం మీద బతుకు గురించి తర్వాత చాలా రచనలు వచ్చాయి. సైన్సును ఇంతకన్నా జాగ్రత్తగా చూసుకున్నవీ ఉన్నాయి. అయినా పనితనం ఎక్కడుందో చూపించమంటే నేను ఈ చిన్న కథనే ముందు తీస్తాను. నమ్మించడం అనేది లెక్క తప్పకపోవడంతో మాత్రమే రాదు, ప్రతి లెక్కా ఎవరో ఒకరి చేతికి పని పెట్టాలి. ఈ కిటుకు లైబర్‌కు తెలిసినంతగా ఆ తరంలో చాలామందికి తెలీదు.

కథ బరువంతా ఒక్క పేరా మీద నిలబడి ఉంది. బయట పేరుకున్న పొరలేమిటో కుర్రాడు చెప్పే పేరా అది. అన్నిటికన్నా అడుగున గడ్డకట్టిన నీరు, ఓ పదడుగులు. దాని మీద గాలి, అరవై డెబ్బై అడుగులు. ఆ గాలి కూడా అంతా ఒక్కసారి రాలలేదు. ముందు కార్బన్ డయాక్సైడ్ రాలింది, తర్వాత నైట్రోజన్, ఆ పైన ఆక్సిజన్, అన్నిటికన్నా పైన పలచగా ద్రవ హీలియం. ఇది ఏ పాఠ్యపుస్తకంలోనైనా దొరికే పట్టిక. కానీ కుర్రాడికి అది పట్టికలా తెలీదు, పనిలా తెలుసు. తాగే నీళ్ల కోసం తవ్వేటప్పుడు మరీ పైకి పోకూడదు, పోతే కార్బన్ డయాక్సైడ్ కలిసి మనుషులు మత్తుగా నిద్రలోకి జారుకుంటారు, పొయ్యి కూడా ఆరిపోతుంది. నైట్రోజన్ వల్ల మంచీ లేదు చెడూ లేదు, ఉన్నదాంట్లో ఎక్కువ భాగం మాత్రం అదే. ఆక్సిజన్ పైనే ఉంది కాబట్టి ఎత్తుకోవడం సులువు, అది తమ అదృష్టం. పేరా మొత్తంలో ఉష్ణోగ్రత అంకె ఒక్కటీ లేదు. ఎంత చలో చెప్పడానికి సున్నాకి దిగువ ఇన్ని వందల డిగ్రీలు అని రాసే రచయితలు బోలెడుమంది. ఏ పొర దాకా తవ్వాలో, ఎక్కడ ఆగాలో చెప్పి ఊరుకున్నవాడు లైబర్.

ఇప్పుడు పట్టిక తీసి పక్కన పెట్టి చూద్దాం. గాలిలో కార్బన్ డయాక్సైడ్ ఉండేది చాలా తక్కువ కాబట్టి అది మైనస్ 140 డిగ్రీల సెల్సియస్ దాపుల్లో ద్రవం కాకుండానే మంచుగా రాలుతుంది. నైట్రోజన్ గడ్డకట్టేది మైనస్ 210 దగ్గర, ఆక్సిజన్ మైనస్ 219 దగ్గర. హీలియం ద్రవం కావాలంటే మైనస్ 269కి దిగాలి. వరస సరిగ్గా కుదిరింది. మందం సంగతి? నేలమీద ప్రతి చదరపు మీటరు పైనా దాదాపు పది టన్నుల గాలి ఉంది. దాన్నంతా గట్టిగా అణిచి గడ్డకట్టిస్తే నైట్రోజన్ ఓ ఎనిమిది మీటర్లు, ఆక్సిజన్ రెండు మీటర్లలోపు వస్తుంది. అంటే మొత్తం ముప్ఫై అడుగుల చిల్లర. కుర్రాడు చెప్పింది దానికి రెట్టింపు. కొత్తగా పడిన మంచు గుల్లగా ఉంటుంది కదా, ఆ లెక్కన వాడి మాట కొట్టిపారెయ్యలేం.

కార్బన్ డయాక్సైడ్ దగ్గర నాకు సరదా వేసింది. 1951 నాటి గాలిలో అది 0.03 శాతం. మొత్తం రాల్చినా నేలమీద మూడు మిల్లీమీటర్ల పూత. ఈ మాత్రానికా తండ్రి పిల్లాణ్ని అంత భయపెట్టాడు అనిపిస్తుంది. కానీ పార వెడల్పు మేర, ఓ అడుగు పొడవూ అడుగు వెడల్పూ గీకి నీళ్ల గడ్డతో పాటు లోపలికి తెచ్చారనుకోండి, అందులో దాదాపు అర కిలో ఉంటుంది. అది ఆవిరైతే మన మామూలు ఒత్తిడి దగ్గర 250 లీటర్ల వాయువు. కంబళ్లతో మూసిన చిన్న గదిలో రోజూ ఇలా నాలుగైదుసార్లు జరిగితే తండ్రి హెచ్చరిక ఉత్తదేం కాదు. పొర పలచనిదైనా దాన్ని పనిలో పెట్టిన చోటు సరైనది.

ఇంతవరకూ మెచ్చుకోలు. ఇక తప్పులు.

గాలి మంచుగా రాలడానికి ముందు వానగా కురవాలి. మన గాలికున్న ఒత్తిడిలో నైట్రోజన్, ఆక్సిజన్ రెండూ గడ్డకట్టడానికి ముందు ద్రవమవుతాయి, అదీ విడివిడిగా కాదు, కలిసే. మైనస్ 190 దాటాక ఆకాశం నుంచి లేత నీలి ద్రవం కురిసి పల్లాల్లో చెరువులు కడుతుంది. ఇంకా చల్లబడితే ముందు గట్టిపడేది నైట్రోజనే. కానీ ఆక్సిజన్ ఎక్కువగా ఉన్న ద్రవం దానికన్నా బరువు. కాబట్టి ఆక్సిజన్ నీటుగా పైన కూర్చుని కుర్రాడి పార కోసం ఎదురుచూడదు, కిందికో మధ్యకో కలిసిపోయి ఉంటుంది. బకెట్లో వచ్చేది అయిదింట నాలుగొంతులు నైట్రోజనే.

ఇక్కడో తమాషా ఉంది. ఆ కలగలుపు గడ్డని పొయ్యి పక్కన పెడితే ఆవిరయ్యేది మన మామూలు గాలే. కథలో మాత్రం వాళ్లు పీల్చేది అచ్చమైన ఆక్సిజన్, రాజులకు కూడా దక్కని గాలి అని తండ్రి గొప్పగా చెప్పుకుంటాడు. ఉన్ని కంబళ్ల నడుమ, మండే బొగ్గుల పక్కన, అచ్చమైన ఆక్సిజన్! 1967 జనవరి 27న అపోలో 1 గదిలో పరీక్ష జరుగుతుండగా మంటలు లేచి ముగ్గురు వ్యోమగాములు చనిపోయింది అచ్చమైన ఆక్సిజన్‌లోనే. కథ వచ్చిన పదిహేనేళ్లకు జరిగిందది. లైబర్ తప్పు చేయకుండా అసలు భౌతికశాస్త్రాన్నే నమ్ముకుని ఉంటే ఈ కుటుంబం ఇంకా క్షేమంగా ఉండేది, కాకపోతే పీల్చడానికి సరిపడా ఆక్సిజన్ కోసం అయిదు రెట్లు బకెట్లు మొయ్యాల్సి వచ్చేది. పిల్లాడి నడుం విరిగేది.

రెండో తప్పు కాలానిది. కుర్రాడికి పదేళ్లు నిండేసరికే గాలంతా గడ్డకట్టి ఉంది. చేతి లెక్క వేసి చూడండి. మైనస్ 195 దగ్గరున్న నేల చదరపు మీటరుకు రెండు వాట్లకు మించి వేడిని ఆకాశంలోకి వదల్లేదు. ఒక కిలో గాలి ద్రవం కావాలంటే రెండు లక్షల జౌళ్లు వదిలించుకోవాలి, అలాంటివి పదివేల కిలోలు. భాగిస్తే ముప్ఫై ఏళ్లు వస్తుంది. అదీ సముద్రాల్లో దాగిన వేడిని లెక్కలోకి తీసుకోకుండా. చలి మొదట్లో దూకుతూ వస్తుంది, చివరికొచ్చేసరికి నత్తలా నడుస్తుంది. ఎందుకంటే వస్తువు చల్లబడేకొద్దీ వేడిని వదిలే శక్తి నాలుగో ఘాతంలో పడిపోతుంది. లైబర్ చలి మాత్రం మొదట్నుంచీ చివరి దాకా ఒకే వేగంతో వచ్చింది.

మూడోది హీలియం. భూమి లోపల్నుంచి చదరపు మీటరుకు దాదాపు 0.09 వాట్ల వేడి ఎప్పుడూ పైకి వస్తూనే ఉంటుంది. పైన గాలి దుప్పటి లేకపోయినా ఆ కాస్త వేడే నేలను మైనస్ 238 కన్నా దిగనివ్వదు. హీలియం ద్రవం కావడానికి ఇంకా ముప్ఫై డిగ్రీలు కావాలి, పైగా గాలిలో ఉన్న హీలియం మొత్తం కలిపినా చదరపు మీటరుకు ఏడెనిమిది గ్రాములు. నియాన్, హీలియం వాయువులుగానే మిగిలి పలచగా తిరుగుతుంటాయి. ఆ పై పూత శోభ కోసం పూసిందే అనుకోవాలి. నేనైతే దాన్ని తీసేసి, గాలిలో దాదాపు ఒక శాతం ఉండి కూడా కుర్రాడి జాబితాలో చోటు దొరకని ఆర్గాన్‌ని పెట్టేవాణ్ని.

అయితే గాలి మంచు అనే ఊహ కట్టుకథ కాదని మనకిప్పుడు తెలుసు. 1989లో వాయేజర్ 2 నెప్ట్యూన్ ఉపగ్రహం ట్రైటన్‌ను చూసినప్పుడు అక్కడ నేల మైనస్ 235 దగ్గర ఉంది, నైట్రోజన్ గడ్డకట్టి పరుచుకుని ఉంది. 2015 జులైలో న్యూ హొరైజన్స్ ప్లూటో పక్కనుంచి వెళ్తూ తీసిన ఫొటోల్లో నైట్రోజన్ మంచు మైదానమే కనిపించింది, హిమానీనదాల్లా పారిన గుర్తులతో సహా. హీలియం సంగతి పక్కన పెడితే, లైబర్ ఊహించిన నేలకీ ఈ రెంటికీ ఉష్ణోగ్రతలో తేడా అతి స్వల్పం. 1951లో ప్లూటో అంటే దుర్భిణిలో ఒక చుక్క.

తప్పులన్నిటినీ పక్కపక్కన పేర్చి చూస్తే అవన్నీ ఒకే వైపు ఒరిగినట్టు కనబడతాయి. ఆక్సిజన్ పైన ఉండాలి, గడ్డ పొడిగా ఉండాలి, పిల్లాడి చిన్నతనం అయిపోకముందే అంతా జరగాలి. గాలిని ఒక పిల్లాడు పారతో ఎత్తగలిగేలా చేయడానికి ఎంత కావాలో అంతవరకే ఆయన శాస్త్రాన్ని వంచాడు. అజాగ్రత్తతో చేసిన తప్పులైతే ఇలా ఒకే దిక్కుకు పోవు. హీలియం ఒక్కటే ఈ లెక్కలో పడదు, అందుకే అది నాకు నచ్చలేదు.

అసలు బకెట్ అక్కర్లేని గ్రహం ఉండకూడదా? ఉండొచ్చని 1999లో డేవిడ్ స్టీవెన్‌సన్ ‘నేచర్’ పత్రికలో రాశాడు. గ్రహాలు పుట్టే రోజుల్లో కొన్ని తమ నక్షత్రం నుంచి బయటికి విసిరివేయబడతాయి. వాటిలో కొన్నిటికి దట్టమైన హైడ్రోజన్ వాతావరణం మిగిలిపోతే, అంత చలిలోనూ హైడ్రోజన్ గడ్డకట్టదు. మన గాలి ఒత్తిడికి కొన్ని వందల రెట్ల ఒత్తిడి ఉన్న ఆ దుప్పటి కింద, నేల లోపలి వేడి బయటికి పోలేక, నీళ్లు నీళ్లుగానే ఉండొచ్చు. 2011లో డోరియన్ అబట్, ఎరిక్ స్విట్జర్ ఇంకో దారి చూపించారు. వాతావరణం సంగతి వదిలేసి, గడ్డకట్టిన మంచునే దుప్పటి అనుకుందాం అన్నారు. భూమి లాంటి గ్రహమే, బరువు మాత్రం మూడున్నర రెట్లు ఉంటే, కిలోమీటర్ల మందం మంచు కింద సముద్రం మిగులుతుందని లెక్క తేల్చారు. మన భూమికి ఆ బరువు లేదు, మన సముద్రాలు చివరికి అడుగు దాకా బిగిసిపోతాయి.

ఇవి రెండూ గట్టి లెక్కలే, కానీ వాటిలో మనిషి చేసే పని లేదు. ఆ లోటు పూడ్చాలని చూసిన నవల క్రిస్ బెకెట్ ‘డార్క్ ఈడెన్’, 2012లో వచ్చింది, మరుసటేడు ఆర్థర్ సి. క్లార్క్ అవార్డు అందుకుంది. సూర్యుడు లేని ఈడెన్ గ్రహం మీద చెట్లు నేల అడుగు నుంచి వేడి రసాన్ని పైకి తోడుకుంటాయి, పూలు దీపాల్లా వెలుగుతాయి, ఇద్దరు మనుషుల సంతతి అయిదు వందల పైచిలుకు జనమై ఆ వెలుగులో బతుకుతుంటారు. చెట్టుని వేడి పంపుగా మలచడం గొప్ప ఊహ. కానీ సూర్యుడి నుంచి మన భూమి సగటున ఇముడ్చుకునేది చదరపు మీటరుకు 240 వాట్లు, నేల లోపల్నుంచి వచ్చేది అందులో రెండున్నర వేలో వంతు కూడా లేదు. ఆ ఆదాయంతో అడవంతా దీపాలు వెలిగించడమంటే అప్పుల పాలవ్వడమే. బెకెట్‌కు ఇది తెలిసినట్టే ఉంది, అందుకే అడవుల్ని లోయల్లో కుదించి, చుట్టూ గడ్డకట్టిన చీకటి పెట్టాడు. ఆక్సిజన్ ఎక్కణ్నుంచి వస్తోందన్నది మాత్రం నాకు చివరిదాకా తేలలేదు. పోల్ ఆండర్సన్ ‘సేటన్స్ వరల్డ్’ ఇంకో తరహా. అందులో ఒంటరి గ్రహం ఒక నక్షత్రం పక్కనుంచి పోతుంటే వ్యాపారులు ఎగబడతారు, మూలకాలను మార్చే కర్మాగారాల వేడిని పారబోయడానికి అంత చల్లటి చోటు ఇంకెక్కడా దొరకదని. వ్యాపార లెక్కగా అది చాలా తెలివైనది, ఇల్లు మాత్రం కనబడదు.

లైబర్ కథకి తిరిగొస్తే, మొదట్లో కుర్రాడు గాలి ఎత్తుకుంటూ ఎదుటి భవనం కిటికీలో ఒక అమ్మాయి ముఖం చూస్తాడు. భ్రమేమో అని తండ్రి భయపడతాడు. చివరికి తెలుస్తుంది, అది నిజమే. లాస్ అలమోస్‌లో అణుశక్తితో బతికి బట్టకట్టిన శాస్త్రజ్ఞుల బృందం ఆ అమ్మాయిది. పొయ్యి నుంచి వచ్చే కొద్దిపాటి వేడిని తమ పరికరాలతో పసిగట్టి వెతుక్కుంటూ వచ్చారు. బొగ్గు అయిపోయాక మిగిలేది యురేనియమే అని 1951లో రాయడం, హిరోషిమా జరిగి ఆరేళ్లే అయిన రోజుల్లో, మామూలు మాట కాదు.

ప్రాణులు ఆ పని ఎప్పుడో చేసేశాయని తర్వాత బయటపడింది. సూర్యుడి వెలుగు చేరని సముద్రం అడుగున వేడి ఊటల చుట్టూ జీవం ఉందని 1977లో గలపాగోస్ దగ్గర చూశారు. అయితే అక్కడి గొట్టపు పురుగులు వాడుకునే ఆక్సిజన్ పైనుంచి, మొక్కల పుణ్యమా అని వచ్చిందే, కాబట్టి సూర్యుడి అప్పు వాటికీ ఉంది. అసలు అప్పే లేనిది దక్షిణాఫ్రికాలోని మ్పొనెంగ్ బంగారు గనిలో, 2.8 కిలోమీటర్ల లోతున, రాతి పగుళ్ల నీటిలో దొరికింది. దాని పేరు డీసల్ఫోరూడిస్ ఆడాక్స్‌వయేటర్. చుట్టూ ఉన్న రాళ్లలోని యురేనియం నుంచి వచ్చే వికిరణం నీటిని విరగ్గొడితే హైడ్రోజన్ వస్తుంది, ఆ హైడ్రోజనే దాని తిండి. ఆ నీటిలో దాదాపుగా ఈ ఒక్క జాతే ఉందని 2008లో తేల్చారు, ఇరుగుపొరుగు అనదగ్గ జాతి లేకుండా ఒంటరిగా బతుకుతోంది. సూర్యుడు రేపు పొద్దున్న మాయమైనా దానికి చాలాకాలం తెలియకపోవచ్చు. ఒంటరి గ్రహాల మీద జీవం అంటే ముందుగా ఊహించాల్సింది ఇలాంటిదాన్ని, దీపాల పూలని కాదు.

కథలో అన్నిటికన్నా పెద్ద చిల్లు గురించి ఇంకా చెప్పలేదు, కావాలనే ఆపాను. గూడుకి గోడలు కంబళ్లు. బయట దాదాపు శూన్యం. మనిషి బతకడానికి అచ్చమైన ఆక్సిజన్ అయినా మన గాలి ఒత్తిడిలో అయిదో వంతు ఉండాలి. అంటే కంబళి మీద చదరపు మీటరుకు రెండు టన్నుల తోపుడు. ఏ ఉన్నీ దాన్ని ఆపలేదు. ఆపినా నేత సందుల్లోంచి గాలి క్షణాల్లో కారిపోతుంది. ఎన్ని బకెట్లు తెచ్చినా చిల్లుకుండలో పోసినట్టే. పొరల వరసా కాలమూ తప్పినా కథ నిలబడుతుంది, ఇది తప్పితే మొదటి పేజీలోనే అందరూ పోవాలి.

ఈ సంగతి లైబర్‌కు తెలియదనుకుంటే పొరపాటు. లాస్ అలమోస్ నుంచి వచ్చినవాళ్లలో ఒకాయనతో ఈ అభ్యంతరాన్నే చెప్పించాడు, నేను చెప్పినదానికన్నా సూటిగా. గాలి బయటికి పోకుండా మూత బిగించకుండా గాలి నిలబెట్టుకోవడం కుదరదు, ఇది అసాధ్యం అని ఆయన పదే పదే అంటాడు. అనేముందు శిరస్త్రాణం తీసి పక్కన పెట్టాడు, పీలుస్తున్నది గూటి గాలే.